నూట ఎనభై ఆరు మెట్లు

రత్నం నవ్వు ఆసుపత్రి మూడో అంతస్తులో మొదలైతే కింద కాఫీ మిషను దగ్గర నిలబడ్డవాళ్లకు వినిపించేది. గుండె జబ్బు మనుషులున్న చోట అంత గట్టిగా నవ్వితే ఎలాగని కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు ఒకావిడ మందలించబోయింది. "పేషెంట్లనే అడగండి. వద్దంటే మానేస్తాను" అంది రత్నం. అడిగారు. ఎవరూ వద్దనలేదు. ఒక ముసలాయనైతే ఆ నవ్వు వినపడకపోతే ఆవిడ సెలవులో ఉందని తెలిసిపోతుందనీ, ఆ రోజు తనకు వ్యాయామం చేయబుద్ధి కాదనీ రాతపూర్వకంగా ఇచ్చాడు.

ఆమెది గుంటూరు. తండ్రి మిర్చి యార్డులో కాటా దగ్గర గుమాస్తా. ఆయన సాయంత్రం ఇంటికొచ్చి చంటిపిల్లల్ని ఎత్తుకుంటే, చొక్కాకు పట్టిన ఘాటుకు వాళ్లు వరసగా తుమ్మేవారు. రత్నం మిషన్ ఆసుపత్రిలో నర్సింగు చదివి, అమెరికాలో నర్సులు కావాలంటున్నారని విని, 1973లో డెట్రాయిట్ దగ్గరి ఈ ఆసుపత్రిలో చేరింది. రెండేళ్లకు భర్త మోహన్ వచ్చి కార్ల విడిభాగాల కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్ అయ్యాడు. దగ్గర్లోని నోవై ఊళ్లో ఇల్లు తీసుకున్నారు. మరుసటి ఏడు రేణు పుట్టింది.

గుండెపోటు వచ్చి బతికి బయటపడ్డవాళ్లను మళ్లీ నడిపించడం రత్నం పని. మొదట నడిచే మిషను మీద, తర్వాత కదలని సైకిలు మీద, అది కూడా అలవాటయ్యాక మెట్ల మీద. కొత్తగా వచ్చినవాళ్ల చేత ఒక ఫారం నింపించేవారు. అందులో ఆఖరి ప్రశ్న: మళ్లీ ఏం చేయగలగాలని మీ కోరిక? గోల్ఫ్ ఆడాలని కొందరు, పెరట్లో గడ్డి కోసుకోవాలని కొందరు, మనవళ్లను ఎత్తుకోవాలని చాలామంది రాసేవారు.

1984 సెప్టెంబరులో వచ్చిన మిక్లోష్ వైస్ ఏమీ రాయలేదు. అరవై ఒక్కేళ్ల మనిషి. కార్ల ఫ్యాక్టరీలో ఇనుప అచ్చులు చేసే పనిలో ముప్ఫై ఏళ్లు ఉన్నాడు. చేతులు కట్టుకుని, నర్సులందరి మీదా కోపంగా కూర్చున్నాడు.

"ఇక్కడ ఏం రాయమంటారు, మిస్టర్ వైస్?" అంది రత్నం పెన్ను పట్టుకుని.

"నూట ఎనభై ఆరు మెట్లు ఎక్కాలి."

"ఏ బిల్డింగండీ? లిఫ్ట్ లేదా అక్కడ?"

ఆయన ఆమె వైపు అప్పుడు తిరిగి చూశాడు. పెదవి చివర కదిలింది. "లేదు. లిఫ్ట్ పెట్టడం మరిచిపోయారు."

అప్పుడు చెప్పాడు. ఆస్ట్రియాలో మౌట్‌హౌజెన్ అని ఒక ఊరు. అక్కడ నాజీలు పెట్టిన క్యాంపు. పక్కనే రాతి క్వారీ. యూదులైనందుకు యుద్ధం చివరి ఏడాది హంగరీ నుంచి తననీ, అన్న శాండోర్‌నీ అక్కడికి తోలుకుపోయారు. వీపున బండరాయి పెట్టుకుని క్వారీ అడుగు నుంచి నూట ఎనభై ఆరు మెట్లు పైకి ఎక్కాలి, మళ్లీ దిగాలి, మళ్లీ ఎక్కాలి. ఆగినవాణ్ని కొట్టేవారు. రెండోసారి ఆగితే కాల్చేసేవారు.

"మా అన్న ఆగాడు," అన్నాడు వైస్. "నేను ఒక్కసారి కూడా ఆగలేదు, మిసెస్ రత్నం. అందుకే ఉన్నాను. ఇప్పుడది మెమోరియల్ చేశారు. గైడు తిప్పి చూపిస్తాడట. నేను వెళ్లాలి. ఖాళీ చేతులతో ఆ మెట్లు ఎక్కాలి. ఎక్కుతూ ఎక్కడ కావాలంటే అక్కడ ఆగాలి. కూర్చోవాలి. ఆ పని బాకీ ఉండిపోయింది."

రత్నానికి చిన్నప్పటి నుంచి యూదులంటే ఆదివారం బడిలో విన్న బైబిలు కథల్లో మనుషులు. ఒంటెల మీద వెళ్లేవాళ్లు. వాళ్లలో ఒకాయన గోధుమరంగు స్వెట్టరు వేసుకుని తన ఎదురుగా కూర్చుని ఈ మాట చెప్తున్నాడు. ఫారంలో ఆ సంఖ్య పెద్దగా రాసి కింద రెండు గీతలు గీసింది.

డాక్టర్ హార్మన్ ఆ ఫారం చూసి తల అడ్డంగా ఊపాడు. "అరవై మెట్లు చాలు ఈయనకి."

"రోజుకి కొంచెం కొంచెం పెంచుతాను, డాక్టర్. ప్రయాణం వేసవిలోనే కదా, ఏప్రిల్ కల్లా కాకపోతే వద్దని నేనే ఆయనకి చెప్తాను" అంది రత్నం.

ఆసుపత్రి వెనకవైపు మెట్లదారి ఎవరూ వాడరు. కింది నుంచి పైదాకా తొంభై మెట్లు. అక్కడ మొదలుపెట్టారు. రత్నం పక్కన నడుస్తూ ఇంగ్లీషులో లెక్కపెట్టేది. నాలుగైదు మెట్లకే వైస్ దవడ బిగుసుకుపోయేది, నాడి ఉండాల్సినదానికన్నా వేగంగా కొట్టుకునేది. ఆయాసం అనుకుందామంటే మిషను మీద నడిచేటప్పుడు అలా ఉండేది కాదు. వారం రోజులు చూసింది, అర్థం కాలేదు.

ఒక మంగళవారం ఆమెకు రాత్రి నిద్ర సరిగా లేదు. పరధ్యానంగా మెట్లెక్కుతూ తనకు తెలియకుండానే తెలుగులో లెక్కపెట్టింది. "పదకొండు, పన్నెండు, పదమూడు..." ఇరవై దగ్గర ఉలిక్కిపడి, "సారీ" అంది. చెయ్యి పట్టుకుని నాడి చూస్తే నెమ్మదిగా ఉంది.

"అది ఏ భాష?" అన్నాడు వైస్.

"తెలుగు. మా భాష."

"అందులోనే లెక్కపెట్టండి." మెట్ల కమ్మీ మీద చెయ్యి వేశాడు. "జర్మన్‌లో లెక్కపెట్టారు నన్ను. పొద్దున, సాయంత్రం. హంగేరియన్‌లో కూడా, రైలెక్కించేటప్పుడు. అమెరికా వచ్చాక ఓడ దగ్గర ఇంగ్లీషులో. ఈ భాషలో నన్నెవరూ ఇంతవరకు లెక్కపెట్టలేదు."

ఆ రోజు నుంచి వెనక మెట్లదారిలో తెలుగే. నెల తిరిగేసరికి ఆయనే లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఎనిమిదిని ఎన్‌మిడి అనేవాడు. 'పంతొమ్మిది' ఎప్పటికీ నోరు తిరగలేదు, పద్దెనిమిది నుంచి నేరుగా ఇరవైకి దూకి, "ఒక మెట్టు మిగిలింది" అనేవాడు. రత్నం నవ్వు మెట్లదారిలో పైనుంచి కిందిదాకా మోగేది.

డిసెంబరులో మంచు పడ్డా మానలేదు. భార్య ఇలోనా కారు నడిపి తీసుకొచ్చి, మెట్ల కింద కుర్చీలో కూర్చుని స్వెట్టరు అల్లుకునేది. ఆవిడ మాత్రం ఆ ప్రయాణం మాటెత్తితే వినేది కాదు. "నేను రాను. ఆ నేల మీద కాలు పెట్టను. మీరిద్దరూ పిచ్చివాళ్లు" అనేది.

జనవరిలో ఒకరోజు రత్నం ఫోను వచ్చిందని వెళ్లి వచ్చేలోపల వైస్ ఎక్కడా ఆగకుండా డెబ్భై మెట్లు ఎక్కేశాడు. ఆమె వచ్చేసరికి గోడకు ఆనుకుని, ముఖం పాలిపోయి, ఛాతీ పట్టుకుని ఉన్నాడు. నాలుక కింద మాత్ర పెట్టి, కుర్చీలో కిందికి దింపి, రెండు రోజులు వార్డులో ఉంచారు. రెండో రోజు రత్నం మంచం పక్కన నిలబడింది. ఆ రోజు నవ్వలేదు.

"ఎందుకు చేశారలాగ?"

"చేయగలనేమో చూద్దామని."

"ఆగకుండా ఎక్కడం మీకు ముందే వచ్చు కదండీ. నలభై ఏళ్ల కిందటే నేర్చుకున్నారు. మనం ఇక్కడ నేర్చుకుంటున్నది ఆగడం. అది రాకపోతే అంత దూరం వెళ్లి ఏం లాభం?"

వైస్ కిటికీ వైపు తిరిగి, "ఆగితే భయమేస్తుంది. వెనక ఎవరో ఉన్నట్టుంటుంది" అన్నాడు.

"సరే. ఆగిన ప్రతిచోటా నాకు ఏదో ఒకటి చెప్పండి. ఎదురుగా కనిపించేదో, మనసులోకి వచ్చిందో. మాట్లాడుతుంటే వెనక్కి చూడబుద్ధి కాదు."

అలా ఇరవై మెట్లకొకసారి కూర్చుని కబుర్లు చెప్పుకోవడం మొదలైంది. ఎక్కువగా తిండి గురించే. వాళ్ల హంగరీలో ఎర్ర మిరపపొడి లేకుండా వంటే లేదని, అంత మంచి మిరప ప్రపంచంలో ఎక్కడా పండదని ఒక మజిలీ దగ్గర వైస్ అన్నాడు. రత్నానికి పౌరుషం వచ్చింది.

"గుంటూరు మనిషి ముందా ఆ మాట అంటున్నారు?"

ఆ శనివారం మోహన్‌నీ, రేణునీ వెంటబెట్టుకుని, చిన్న సీసాలో కారం పోసుకుని వైస్ ఇంటికి భోజనానికి వెళ్లింది. ఇలోనా మిరపపొడి వేసిన బంగాళదుంపల కూర చేసింది. రంగు చూసి మోహన్ బెదిరాడు కానీ నోట్లో పెట్టుకున్నాక, "చప్పగా ఉందేంటే?" అన్నాడు తెలుగులో, నవ్వుతూ తలాడిస్తూ. రత్నం ఇలోనా పళ్లెంలో అరచెంచా గుంటూరు కారం చల్లింది. ఇలోనా ఒక ముద్ద తింది. కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు. లేచి నిలబడింది, కూర్చుంది, గ్లాసు నీళ్లు తాగింది. అందరూ చేతులు ఆపి చూస్తున్నారు. ఆవిడ చెయ్యి చాపి సీసా తన వైపుకు లాక్కుంది.

"ఇది ఇక్కడే ఉంటుంది" అంది.

"అమ్మా, ఆంటీ ఈజ్ క్రయింగ్, మళ్లీ ఈటింగ్!" అని రేణు చప్పట్లు కొట్టింది.

ఏప్రిల్ రెండో వారంలో వైస్ తొంభై మెట్లూ రెండుసార్లు ఎక్కి, మళ్లీ కిందికొచ్చి ఆరు మెట్లు ఎక్కి, ఏడో మెట్టు మీద కాలు పెట్టకుండా గౌరవంగా వెనక్కి దిగాడు. మెట్లదారి తలుపుల దగ్గర నర్సులు, వంటవాళ్లు, ఊడ్చేవాళ్లు నిలబడి ఈలలు వేశారు. డాక్టర్ హార్మన్ నాడి తానే స్వయంగా చూశాడు. "ఈవిడ మీతో వస్తే వెళ్లండి. రాకపోతే వద్దు" అన్నాడు.

రత్నం ఇంటికి వెళ్లి చెప్పింది. మోహన్ కొంచెంసేపు ఆలోచించాడు. "వెళ్లు. ఇన్ని నెలలు ఎక్కించి ఇప్పుడు ఒంటరిగా పంపిస్తావా? కానీ పది రోజులు రేణుకి జడలెవరు వేస్తారు?"

"నాన్నా, నువ్వు వేస్తే నేను స్కూల్‌కి నాట్ గోయింగ్" అంది రేణు.

ఆ నెలంతా రోజూ పొద్దున్నే మోహన్ స్కేలూ పెన్సిలూ పక్కనపెట్టి జడ వేయడం నేర్చుకున్నాడు. పాపిడి మాత్రం మొదటి రోజు నుంచే గీత గీసినట్టు వచ్చింది.

వైస్ కొడుకు పీటర్ మూడు టికెట్లు కొన్నాడు. అమ్మకని కొన్న మూడోది వృథా అని అందరూ అనుకున్నారు. జూన్‌లో బయల్దేరే రోజు రత్నం వాళ్లింటి ముందు కారు ఆగితే, ముందు సీటులో ఒళ్లో పర్సు పెట్టుకుని ఇలోనా కూర్చుని ఉంది. "ఏంటలా చూస్తారు? ఈయనకి ఆకలేస్తే ఎవరు పెడతారు?" అంది.

మౌట్‌హౌజెన్‌లో టూరు పొద్దున పదింటికి. ఇంగ్లీషులో చెప్పే గుంపులో పదిహేనుమంది ఉన్నారు. హాలండ్ నుంచి ఒక జంట, ఇంగ్లండు వాళ్లు, కెనడా నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లు. గైడు అక్కడి బడిలో టీచరు, పేరు హన్నా. ముప్ఫై ఏళ్లు కూడా ఉండవు. తానెవరో ఎవరికీ చెప్పొద్దని వైస్ ముందే మాట తీసుకున్నాడు. పెద్ద రాతి గేటులోంచి అందరితోపాటు లోపలికి నడిచాడు. నేల మీద కాలు పెట్టనన్న ఇలోనా ఆయన మోచేతి లోపల చెయ్యి దూర్చి, అడుగులో అడుగు వేసింది.

హన్నా గొంతు తగ్గించి చెప్పుకుంటూ వెళ్లింది. ఇక్కడ వరసల్లో నిలబెట్టి లెక్కపెట్టేవారు. ఈ గుడిసెల్లో పడుకునేవారు. ఈ చెక్కబల్ల మీద ఇద్దరేసి. వైస్ మొదటిసారి వింటున్నవాడిలా తలాడించి, రత్నం చెవి దగ్గర, "ముగ్గురం" అన్నాడు. రత్నం అక్కడున్న వస్తువులన్నీ చూసింది, ఫోటోలు చూసింది. ఎన్నో చావులు చూసిన నర్సే అయినా, ఒక గదిలోంచి బయటికి వచ్చి కాసేపు ఎండలో నిలబడాల్సి వచ్చింది. ఇలోనా వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

తర్వాత క్వారీ. కిందికి దిగారు. అడుగున గడ్డి మొలిచి పచ్చగా ఉంది. నీటి మడుగు, దాని మీద తూనీగలు. రాతిగోడల పగుళ్లలో పిచ్చుకలు గూళ్లు కట్టుకున్నాయి. రత్నం ఊహించుకున్నది ఇది కాదు.

"ఆ రోజుల్లో మెట్లు ఇంత సమంగా ఉండేవి కావు. తర్వాత సరిచేశారు," అంది హన్నా. "పెద్దవాళ్లు ఎక్కక్కర్లేదు. చుట్టుదారిలో నెమ్మదిగా రావచ్చు."

"ఎక్కుతాను" అన్నాడు వైస్.

రత్నం చేతిసంచీ భుజానికి వేసుకుంది. స్టెతస్కోపు, మాత్రలు, చల్లనీళ్లు. ఇద్దరూ మొదటి మెట్టు మీద కాలు పెట్టారు, వెనకే ఇలోనా.

"ఒకటి" అన్నాడు వైస్.

ఇరవై దగ్గర ఆగాడు. పంతొమ్మిది ఈసారి కూడా దాటేశాడు. గుంపు ముందుకు వెళ్లిపోతోంది. ఆయన మెట్టును చేత్తో తుడిచి కూర్చున్నాడు. రత్నం పక్కనే కూర్చుని నాడి పట్టుకుంది.

"ఏం కనిపిస్తోంది?"

"ఇలోనా కొత్త బూట్లు. కాళ్లు కరుస్తున్నాయని ఒప్పుకోదు."

"కరవట్లేదు" అంది ఇలోనా.

నలభై దగ్గర ఒక మేఘం గురించి చెప్పాడు. అరవై దగ్గర మెట్టు పక్కన రాయి మీద అరచెయ్యి పెట్టి, "శాండోర్" అని, హంగేరియన్‌లో ఏదో నెమ్మదిగా మాట్లాడాడు. కూర్చుని చాలాసేపు మాట్లాడాడు. ఇంటి విషయాలు చెప్తున్నట్టుంది గొంతు. పీటర్ పేరు, కూతురు జూడిత్ పేరు, రత్నం పేరు కూడా వినిపించాయి. రత్నం కళ్లు తుడుచుకుని నాడి చూసింది. బాగానే ఉంది.

ఎనభై దగ్గర హన్నా వెనక్కి దిగివచ్చింది. "ఒంట్లో బాగాలేదా? మీరు మాటిమాటికీ కూర్చుంటున్నారు."

"చాలా బాగుంది."

"ఇంతకు ముందు ఎప్పుడైనా ఇక్కడికి వచ్చారా?"

వైస్ రత్నం వంక, ఇలోనా వంక చూశాడు. "ఇక్కడే పనిచేశాను. యజమాని మంచివాడు కాదు."

హన్నాకు అర్థం కావడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక ఆయన కింది మెట్టు మీద కూలబడి రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. వైస్ జేబులో వెతికి ఒక పిప్పర్మెంటు బిళ్ల తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టాడు. "ఏడవకమ్మా. నేను సరదాగా వచ్చాను. కూర్చోవడానికి వచ్చాను. నువ్వూ కూర్చో."

పైకి వెళ్లినవాళ్లు ఏమైందోనని ఒక్కొక్కరే దిగివచ్చారు. హన్నా చెప్పింది. హాలండ్ ఆయన టోపీ తీశాడు. ఎక్కడివాళ్లక్కడ మెట్ల మీద కూర్చున్నారు. పదిహేనుమంది, ఎండలో, ఆ మెట్ల మీద. వైస్ అటూ ఇటూ చూసి మొదట చిన్నగా, తర్వాత భుజాలు కదిలేలా నవ్వాడు. ఆ నవ్వుకు రత్నం నవ్వు తోడైంది. ఎదుటి రాతిగోడకు తగిలి తిరిగివచ్చింది. కెనడా అక్కచెల్లెళ్లు ఏడుస్తూనే నవ్వారు.

మిగిలిన మెట్లు అందరూ కలిసి ఎక్కారు, ఆయన ఆగినచోటల్లా ఆగుతూ. హాలండ్ ఆవిడ నూరు దాటాక, "ఇది ఏ భాషండీ?" అని అడిగింది.

"గుంటూరు భాష" అన్నాడు వైస్ గర్వంగా. నూట ఎనభై నుంచి అందరూ ఆయన వెనకే పలికారు, వచ్చినట్టు. నూట ఎనభై ఆరు మాత్రం రత్నం, ఆయన ఇద్దరే అన్నారు. ఆ ఒక్కటి మిగతావాళ్లు వాళ్లిద్దరికే వదిలేశారు.

పైన గడ్డి మీద ఇలోనా మూట విప్పింది. రొట్టె, వెన్న, ఉడికించిన గుడ్లు, వాటి మీద చల్లడానికి కాగితం పొట్లంలో ఎర్రటి కారం. అందరికీ తలా కొంచెం పెట్టింది. ఇంగ్లండు ఆయన దగ్గి దగ్గి నీళ్లకోసం పరిగెత్తాడు.

"ఎన్నింటికి మూస్తారు?" అని వైస్ అడిగాడు హన్నాను.

"ఐదింటికి."

"అంతవరకు ఉండాలా?"

"అక్కర్లేదు. మీ ఇష్టం. ఎప్పుడంటే అప్పుడు వెళ్లొచ్చు."

"అయితే ఈ గుడ్డు తిని వెళ్తాను" అన్నాడాయన. తిన్నాడు. లేచి, ప్యాంటు దులుపుకుని, ఇలోనాకు చెయ్యి అందించి, ఆ గేటులోంచి బయటికి నడిచాడు. బయట నాలుగడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ లోపలికి వెళ్లి, మళ్లీ బయటికి వచ్చాడు. కాపలావాడు చూసి కూడా ఆపలేదు.

ఆ సాయంత్రం నది ఒడ్డున హోటల్లో ఒకాయన అకార్డియన్ వాయిస్తుంటే, వైస్ భార్యతో రెండు పాటలకు నాట్యం చేశాడు. మూడోదానికి రత్నం ఒప్పుకోలేదు.

డెట్రాయిట్ తిరిగి వచ్చేసరికి రేణు రెండు జడలతో, సమంగా, రిబ్బన్లతో విమానాశ్రయంలో నిలబడి ఉంది. మోహన్ ఆ జడల కేసి చూపిస్తూ రత్నం మెచ్చుకునేదాకా సూటుకేసు ఎత్తలేదు.

వెనక మెట్లదారికి ఆసుపత్రివాళ్లు లైట్లు వేయించి, మంగళవారం, గురువారం మెట్ల క్లాసు పెట్టించారు. రత్నం నడిపేది. భయపడి మొదటి మెట్టు దగ్గరే నిలబడిపోయిన కొత్తవాళ్లకు వైస్‌ను అప్పగించేది. ఆయన వాళ్ల పక్కన కూర్చుని మిరపకాయల గురించి మొదలుపెట్టేవాడు. కాసేపటికి వాళ్లే విసుగెత్తి లేచి ఎక్కేవారు. స్కూళ్లవాళ్లు పిలిస్తే ఆ ఊళ్లకు కూడా వెళ్లి, తన కథ చెప్పి వచ్చేవాడు. అంతకు ముందు నలభై ఏళ్లలో సొంత పిల్లలకు కూడా చెప్పని కథ.

1987 వేసవిలో జూడిత్ పెళ్లయింది. వాళ్ల ఆచారం ప్రకారం పెళ్లికూతుర్నీ, పెళ్లికొడుకునీ కుర్చీల్లో కూర్చోబెట్టి ఎత్తి తిప్పారు. ఆ ఊపులో కుర్రాళ్లు వైస్‌ను కూడా ఎత్తబోయి, అనుమానంగా రత్నం వైపు చూశారు. ఆవిడ ఆయన మణికట్టు పట్టుకుని, గోడ గడియారం చూసి, "ఎత్తండి, పర్లేదు" అంది. కుర్చీ పైకి లేచింది. కింద చేతులు పట్టుకుని గుండ్రంగా తిరిగేవాళ్లు పెరిగిపోయారు. ఇలోనా ఒక చేత్తో మోహన్‌ను, ఇంకో చేత్తో రేణును లాక్కుపోయింది. రత్నం పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి నడుముకు దోపుకుని, చెప్పులు బల్ల కిందికి నెట్టి, ఆ వలయంలోకి దూకింది.